ఎందుకంటే నేను

ఆమె వచ్చేసరికి ఉదయం పది కావస్తోంది. తలుపు తట్టలేదు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు విడిచింది, మళ్ళీ తొడుక్కుంది, మళ్ళీ విడిచింది. ఇక లాభం లేదని స్టెనోగారే లేచి వెళ్ళి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

స్టెనోగారంటే ముప్పై ఏళ్ళు కోర్టులో జడ్జీలు చెప్పింది చెప్పినట్టు షార్ట్‌హ్యాండు గీతల్లోకి ఎక్కించి, రిటైరయ్యాక కూడా చెయ్యి ఊరుకోక ఈ ప్రైవేటు డిటెక్టివు దగ్గర చేరిన మనిషి. డిటెక్టివుని ఊళ్ళో వాళ్ళు ‘నిదానం’ అంటారు. ఒక ప్రశ్నకీ ఇంకో ప్రశ్నకీ మధ్య ఎదుటివాడు ఒక కునుకు తీయొచ్చని వెటకారంగా పెట్టిన పేరది. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకుని తలుపు మీద బోర్డు కూడా రాయించాడు. ఆయన నోరు నత్త, బుర్ర మాత్రం గుర్రం అని స్టెనోగారి అభిప్రాయం. ఆ మాట ఆవిడ వారానికి ఒక్కరికైనా చెబుతుంది.

“మా ఆడపడుచుని గదిలో పెట్టి తాళం వేశారండీ,” అంది వచ్చినామె. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగడం మర్చిపోయింది. “నాలుగింటికి యజమాని వస్తారట. ఆయన రాగానే పోలీసులకి అప్పజెప్తామంటున్నారు. ఆ పిల్ల ఏ పాపం ఎరగదు.”

స్టెనోగారు కలం ఆపి కళ్ళెత్తి చూసింది. వదినలూ ఆడపడుచులూ ఒకరి మీద ఒకరు వేసుకున్న కేసులు ఆవిడ బోలెడు రాసింది. ఆడపడుచు కోసం పరిగెత్తుకొచ్చిన వదిన ఆవిడకి కొత్త.

“మొదటినుంచీ చెప్పమ్మా,” అన్నాడు నిదానం.

ఆమె చెప్పింది ఇది. వదినా ఆడపడుచూ ఇద్దరూ ఒకే ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో పని. వదిన కోల్డ్‌రూములోకి పెట్టెలు మోసే విభాగం, ఆడపడుచు లేబుళ్ళు అంటించే బెల్టు దగ్గర. మంగళవారం పదకొండు గంటలకి స్టోర్‌కీపరు లోపల సరుకు చూసుకుంటూ ఉండగా ఎవరో బయట గడియ వేసేశారు. సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉండే గది. పన్నెండున్నరకి లోడరు తలుపు తీసేసరికి పెద్దాయన గుమ్మంలోనే పడి ఉన్నాడు. ఇప్పటిదాకా ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు.

“ఆ గడియ మీ ఆడపడుచు వేసిందని ఎవరన్నారు?”

“దాని గొంతే అందండీ. మాకు ఇంగ్లీషు క్లాసు పెట్టారు. సోమవారం పై దేశాల ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు, అడిగితే మేమే జవాబు చెప్పాలని. మాస్టారు చీటీలిస్తారు. చీటీకో మాట ఉంటుంది, బికాజ్ అనో, వెన్ అనో. దాని వెనక ఐ పెట్టి, జరిగినదేదో ఒకటి టేపులో చెప్పాలి. గురువారం క్లాసులో ఈ పిల్ల… తనే గడియ వేసినట్టు చెప్పిందట. నిన్న మేనేజరు ఆ టేపు విన్నారు.”

“వేశానని ఒప్పుకుందా?”

“ఒప్పుకుందండీ.”

“మరి వెయ్యలేదని నీకెలా తెలుసు?”

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టబోతే నీళ్ళు ఒలికాయి. పమిటచెంగుతో అవన్నీ తుడిచి, ఒలకని చోట కూడా తుడిచి, “నాకు తెలుసండీ,” అంది. కుడితిలో పడ్డ ఎలుక కళ్ళలా ఉన్నాయి ఆ కళ్ళు. గట్టు కనబడుతూనే ఉంది, కాలు ఆనడంలేదు.

నిదానం ప్రశ్న మార్చాడు. “పనిలో చేరి ఎన్నాళ్ళయింది?”

“నాలుగేళ్ళండీ. కాన్పుకి వెళ్ళి తిరిగొచ్చి ఎనిమిది రోజులే అయింది. పాపకి అయిదో నెల. పదకొండింటికి మా అత్తగారు గేటు దగ్గరికి తీసుకొస్తారు, పాలిచ్చి వస్తాను.”

“ఇంట్లో ఎంతమంది?”

“రెండు గదుల్లో ఏడుగురం. ఎందుకండీ?”

“ఊరికే,” అని ఆయన కండువా తీసుకున్నాడు. ఆయన ఊరికే అడిగిన ప్రశ్నల్ని స్టెనోగారు విడిగా ఇంకో పేజీలో రాసుకుంటుంది.

*

మేనేజరు వాళ్ళని సాదరంగానే ఆహ్వానించాడు. నలభై ఏళ్ళవాడు, చొక్కా మీద ముడత లేదు, మాట మీద అసలే లేదు. టీ తెప్పించాడు. కుడిచేతి బొటనవేలికీ, పక్క రెండు వేళ్ళ కొసలకీ పట్టీలు ఉండటంతో ఎడమచేత్తో కప్పు పట్టుకున్నాడు.

“వేళ్ళకేమయింది?” అడిగింది స్టెనోగారు. ముసలితనం ఇచ్చిన చనువది, ఎవర్నయినా ఏమయినా అడుగుతుంది.

“మొన్న టీ ఒలికిందండీ. హడావిడి.” ఆయన నిదానం వైపు తిరిగాడు. “చూడండి, నాకూ జాలిగానే ఉంది. కష్టపడే పిల్ల. కానీ తన నోటితో తనే చెప్పుకుంటే నేనేం చెయ్యను?”

“ముందు గది చూపించండి.”

కోల్డ్‌రూము తలుపు జానెడు మందం. బయట ఇనప గడియ. పక్కన మేకులకి దూదికోట్లు. లోపల పంకాలు హోరుమంటున్నాయి, మనిషి మాట్లాడితే మాటకన్నా ముందు ఆవిరి వచ్చేస్తోంది. గోడలకీ, పెట్టెలకీ, తలుపు లోపలివైపుకీ తెల్లగా మంచు పట్టింది. ఆ తెలుపు మధ్య నడుమెత్తున ఒక ఉక్కు పిడి తళతళలాడుతోంది.

“ఇదేమిటి?”

“పొరపాటున ఎవరైనా లోపల ఉండిపోతే ఇది నొక్కాలి. బయట గడియ వేసున్నా సరే, ఊడి వచ్చేస్తుంది. ఫ్యాక్టరీ కట్టినప్పటినుంచీ ఉంది.”

“నన్ను లోపలుంచి గడియ వేయండి,” అన్నాడు నిదానం. తలుపు మూసుకుంది. స్టెనోగారు మనసులో లెక్కపెట్టింది, తొమ్మిది దాకా వెళ్ళింది. టక్కుమని గడియ ఎగిరి తలుపు తెరుచుకుంది. నిదానం బయటికి వచ్చి అరచేతులు రుద్దుకున్నాడు.

“బాగా పనిచేస్తోంది. ఎందుకు నొక్కలేదో మరి పెద్దాయన?”

“కంగారు పడి ఉంటారు. వయసు.”

“ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారు?”

“పదిహేను.”

నిదానం తల ఊపి, వంగి ఆ పిడి బిగించిన పలకనీ, దాని చుట్టూ ఉన్న చోటునీ చాలాసేపు చూశాడు. పలక చుట్టూ తుప్పు మరక ఒకటి, పలక కన్నా రెండు వేళ్ళు వెడల్పుగా ఉంది. స్టెనోగారిని పిలిచి అది కూడా రాయించాడు. తరువాత లోడరుని పిలిపించి, పెద్దాయన దొరికినప్పుడు ఎలా ఉన్నాడని అడిగాడు. లోడరు ముందు మేనేజరు వైపు చూశాడు, తరువాత నేల వైపు.

“చేతులు వాచిపోయున్నాయండీ. గోళ్ళు చిట్లిపోయాయి. తలుపు బాదినట్టున్నారు పాపం.”

“బాదితే వినబడదా?”

“ఆ మందంలోంచి ఏం వినబడుద్దండీ.”

*

ఆడపడుచుని ఉంచింది శాంపిళ్ళ గదిలో. కిటికీ లేదు. నాలుగు గోడలకీ అరలు, అరలనిండా ఖాళీ కప్పులు. పిల్లకి ఇరవై రెండేళ్ళుంటాయి. గడ్డం మీద పాత కుట్ల గుర్తులు, మూడు. వదిన గుమ్మంలో కనిపించగానే ముఖం చిట్లించింది.

“నువ్వెందుకొచ్చావు? పాపకి పాలివ్వాలి కదా, వెళ్ళు.”

“ఇచ్చే వచ్చానే. ఏమన్నా తిన్నావా?”

“తిన్నాను. వెళ్ళమన్నానా!”

కసురుకుంటున్నట్టే ఉంది గానీ ఆ పిల్ల కళ్ళు వదిన ముఖం మీంచి కదలడంలేదు, పరీక్ష హాల్లో పక్కవాడికి సైగ చేస్తున్న పిల్లలా. నిదానం అది చూశాడు, స్టెనోగారూ చూసింది. చూడనిది మేనేజరొక్కడే.

“మంగళవారం పదకొండింటికి నువ్వెక్కడున్నావమ్మా?” నిదానం అడిగాడు.

“కోల్డ్‌రూము దగ్గర. గడియ వేశాను. టేపులో చెప్పాగా.”

“దూదికోటు వేసుకున్నావా?”

ఒక్క క్షణం ఆలస్యమయింది. “ఆఁ.”

“నువ్వు లేచి వెళితే బెల్టు దగ్గర లేబుళ్ళు ఎవరంటించారు?”

బెల్టు ఆగిందా అని మేనేజరుని అడిగితే, ఆ రోజు అసలు ఆగలేదని ఆయనే గొప్పగా చెప్పాడు. చెప్పాక ఆ మాట తనకి అడ్డమని తట్టి, “ఎవరో ఒకరు చూసుకుని ఉంటారు లెండి,” అని సర్దాడు.

బయటికి వస్తుంటే తాళం వేసిన చప్పుడు వినబడింది. వదిన ఆ చప్పుడుకి ఉలిక్కిపడి గోడ పట్టుకుంది. అక్కడ తాళం పడింది ఒక్కరికే, ఊపిరాడనిది మాత్రం ఇద్దరికీ.

*

టేపు మేనేజరు గదిలోనే ఉంది. పాఠాల టేపులు అక్కడే పెట్టి వెళ్ళడం మాస్టారి అలవాటు. గురువారం సాయంత్రమే ఆయనకి జ్వరం తగిలి ఇంటిదగ్గర ఉండిపోయాడట.

ముందు పిల్ల గొంతు వచ్చింది. సన్నగా, అక్షరం అక్షరం పట్టుకుని నడుస్తోంది. వెన్ ఐ, బికాజ్ ఐ, సో ఐ… స్టెనోగారు గీతలు గీస్తూనే అర్థం తెలుగులో చదివింది.

“‘తలుపు తెరిచి ఉండటం చూసినప్పుడు నేను మూసేశాను. ఎందుకంటే నేను తొందరలో ఉన్నాను, లోపల చూడలేదు. అందుకని నేను వెళ్ళిపోయాను. దురదృష్టవశాత్తూ నేను ఆలస్యంగా వచ్చాను. తెలిసినా నేను ఎవరికీ చెప్పడంలేదు.’”

ఆవిడ కలం కింద పెట్టింది. ముప్పై ఏళ్ళలో ఇంత చక్కగా నేరం ఒప్పుకున్న ముద్దాయిని ఆవిడ చూడలేదు. ప్రతి చిన్నమాట వెనకా ఒక ‘నేను’, పారిపోవడానికి ఎక్కడా సందు లేదు. ఆవిడకి నిజంగానే భయం వేసింది, ఈసారి మా నిదానంగారికి కూడా దారి దొరకదేమోనని.

“ఇంకేముంది?” అన్నాడు మేనేజరు.

“మిగతావాళ్ళవి కూడా పెట్టండి,” అన్నాడు నిదానం.

“అవెందుకండీ, ప్రాక్టీసు.”

“నాకూ కాస్త ఇంగ్లీషు వస్తుంది.”

తరువాత వచ్చింది బాయిలరు నడిపే మీసాలాయన గొంతు. పీపాలో రాళ్ళు దొర్లినట్టుంది. ‘కడుపుతో ఉన్నప్పుడు నేను సుద్దముక్కలు తిన్నాను. అదృష్టవశాత్తూ నేను మా అమ్మకి దొరకలేదు.’ స్టెనోగారు రాస్తూ రాస్తూ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తరువాత ఊడ్చే ఆవిడ గొంతు, ముద్దుగా: ‘మీసాలు ఉన్నా నేను మా అబ్బాయిని భయపెట్టలేకపోతున్నాను.’

“ఇదండీ వీళ్ళ ఇంగ్లీషు,” మేనేజరు పెదవి విరిచాడు. “ఇన్‌స్పెక్టర్ల ముందు నా పరువు ఏమవుతుందో.”

చివరిది వదిన గొంతు. ‘ఏడేళ్ళప్పుడు నేను గోడ దూకాను. అందుకని నేను గడ్డం మీద మూడు కుట్లు వేయించుకున్నాను.’

నిదానం కళ్ళు మూసుకుని విన్నాడు. టేపు ఆగాక కూడా తెరవలేదు. తరువాత లేచి, మాస్టారి ఇంటి నంబరు అడిగి, వరండాలోకి వెళ్ళి ఫోను చేశాడు. మాట్లాడింది నిమిషం కూడా లేదు. తిరిగొచ్చి, “యజమాని రాగానే క్లాసు వాళ్ళందర్నీ భోజనాల హాల్లో కూర్చోబెట్టండి. ఆ పిల్లని కూడా,” అన్నాడు.

“కనిపెట్టేశారా?” వరండాలో స్టెనోగారు రహస్యంగా అడిగింది.

“సగం టేపులో ఉంది, సగం తలుపు మీద ఉంది.”

“నాకేం కనబడలేదే!”

“మీరు రాసిందే మళ్ళీ ఒకసారి చదువుకోండి, స్టెనోగారూ. మీసాలాయన దగ్గర నవ్వకుండా చదవండి.”

ఆవిడ చదువుకుంది. రెండోసారి చదివాక ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

*

నాలుగింటికి యజమాని వచ్చాడు. తెల్లజుట్టు పెద్దమనిషి, ముఖం నిండా దిగులు. హాల్లో బెంచీల మీద క్లాసువాళ్ళు ఏడుగురు. పిల్లని విడిగా ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక గోడకి మాస్టారి అట్ట వేలాడుతోంది, పెద్దక్షరాల్లో బికాజ్, వెన్, దో, సో, లక్కీలీ, అన్‌ఫార్చునేట్లీ, ప్రతిదానికీ పక్కన ఒక ఐ. మఫ్లరు చుట్టుకున్న మాస్టారు రిక్షా దిగి దగ్గుకుంటూ వచ్చి అట్ట కిందే కూలబడ్డాడు.

“మాస్టారూ, మీ పద్ధతేమిటో యజమానిగారికి చెబుతారా?” అన్నాడు నిదానం.

“ఏముందండీ. రోజూ మాట్లాడుకునే ఇంగ్లీషులో మనిషి తన సంగతి చెప్పుకునేది ఎక్కువగా ఈ చిన్నమాటల వెనకే. బికాజ్ ఐ అన్నవాడు సాకు చెబుతాడు. దో ఐ అన్నవాడు ఒప్పుకుంటాడు. లక్కీలీ ఐ అన్నవాడు బతికి బయటపడ్డాడు. ఇవి నోటికి పట్టిస్తే చాలు, మిగతాది అదే వస్తుంది. కానీ మనవాళ్ళకి తమ గురించి చెప్పుకోమంటే సిగ్గు. ఐ యామ్ ఫైన్ అని ఊరుకుంటారు.” ఆయన దగ్గి, సర్దుకున్నాడు. “అందుకని జతలు చేశాను. ముందు ఒకరికొకరు తెలుగులో తమ సంగతి చెప్పుకోవాలి. తరువాత ఎవరి సంగతి వాళ్ళు కాదు, పక్కవాళ్ళది టేపులో చెప్పాలి, అదీ నేను, నేను అంటూ. తనది కాదు కనక సిగ్గుండదు. నా క్లాసులో టేపులో ఎవరి నేనూ వాళ్ళది కాదండీ.”

మీసాలాయన పక్కనున్న ఊడ్చే ఆవిడ మెల్లగా తల దించుకుంది. సుద్దముక్కలు తిన్నది ఆవిడే.

“మీకందరికీ ఈ సంగతి తెలుసు,” అన్నాడు నిదానం బెంచీల వైపు చూసి. “ఎవరూ నోరెత్తలేదు. ఎత్తితే, మరి ఆ పిల్ల చెప్పింది ఎవరి సంగతి అన్న ప్రశ్న వస్తుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు.”

పిల్ల చివాలున లేచింది. “అవన్నీ కాదండీ! ఆ రోజు నేను నా సంగతే చెప్పాను. గడియ నేనే వేశాను. రాసుకోండి!”

“కూర్చోమ్మా. యజమానిగారూ, ఈమె లేచి వెళితే బెల్టు ఆగాలి. మంగళవారం ఆగలేదు. బయటినుంచి గడియ వెయ్యడానికి దూదికోటు అక్కర్లేదు, వేసుకున్నానంది. ఈమె వెయ్యలేదు. ఎవరు వేశారో నేను చెప్పను.”

“చెప్పకపోవడమేమిటి?” మేనేజరు నవ్వాడు.

“నన్ను తీసుకొచ్చింది ఆ మనిషే. తన నోటితో చెప్పలేక, ఎవరైనా పట్టుకుంటే బాగుండునని తీసుకొచ్చింది. నేను పట్టుకోను. ఆ మనిషే చెప్పాలి.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గడియారం తప్ప ఇంకేమీ కదలలేదు. ఇంత నిదానం స్టెనోగారు కూడా ఎప్పుడూ చూడలేదు. ఆమె లేవకపోతే? ఈ మనిషి నిజంగానే పేరు చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోతాడా? వెళ్ళిపోతాడని ఆవిడకి అనిపించింది.

మూడో బెంచీలో వదిన లేచి నిలబడింది.

“వదినా, కూర్చో!” పిల్ల అరిచింది. “నీకు చంటిదుంది! కూర్చోమంటున్నానా!”

“నేనే వేశానండీ,” అంది వదిన. గొంతు సన్నగా ఉన్నా తడబడలేదు. “తలుపు తెరిచుంటే మేనేజరుగారు తిడతారని వేశాను. పాప గేటు దగ్గర ఏడుస్తోందని కబురొచ్చింది, లోపల ఎవరున్నారో చూడలేదు. పెద్దాయన్ని బయటికి తీసుకొచ్చాక తెలిసింది నా చెయ్యేనని. ఇంట్లో ఏడుగురం, ఎవరితో ఏం చెప్పుకోను? క్లాసులో దీని పక్కన కూర్చున్నప్పుడు చెప్పాను. ఇది టేపులో చెప్పేస్తుందనుకోలేదు.”

“మాస్టారికైనా తెలుస్తుందనుకున్నాను.” పిల్ల ఏడుస్తూ అంది. “తెలుగులో అయితే నోరు పెగల్లేదు. ఇంగ్లీషులో అంటే పాఠం చెప్పినట్టే ఉంది. మేనేజరుగారు వింటారని నాకేం తెలుసు?”

“సరే, తేలిపోయింది,” మేనేజరు లేచాడు. “ఆమె కాకపోతే ఈమె. పోలీసులకి ఫోను చేస్తాను.”

“కూర్చోండి. ఇంకా సగం కూడా అవలేదు.” నిదానం వదిన వైపు తిరిగాడు. “అమ్మా, గడియ వేసేటప్పుడు, లోపల ఎవరైనా ఉంటే అన్న భయం వెయ్యలేదా?”

“లేదండీ. లోపల పిడి ఉంటుందిగా. నొక్కితే వచ్చేస్తారు. నాలుగేళ్ళుగా అలాగే వస్తున్నాం. పెద్దాయన ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థంకాలేదు.”

“నాకూ అర్థంకాలేదు. పదిహేనేళ్ళు రోజూ ఆ పిడి నొక్కినవాడు గోళ్ళు చిట్లేలా తలుపు బాదుతాడా? పిడి ఉంటే ఎందుకు బాదుతాడు? అది లేదు కనక బాదాడు. గది అంతా మంచు పట్టింది, పిడి మీద మంచులేదు. దాని వెనక తుప్పు మరక ఇంకా పెద్ద పలకది. అంటే పాతది ఎప్పుడో ఊడింది, కొత్తది మొన్నే బిగించారు. ఎప్పుడు ఊడదీశారు?”

చివరికి బాయిలరు మీసాలాయన గొంతు సవరించుకున్నాడు.

“ఎండల్లోనండీ. రెండు నెలలయింది. బయట వేడి తట్టుకోలేక లోడింగు వాళ్ళు ఆ గదిలో తలుపేసుకుని నిలబడుతున్నారని మేనేజరుగారు పీకించేశారు. పిడి లేకపోతే తలుపేసుకునే ధైర్యం ఎవరికీ ఉండదన్నారు. పెద్దాయన వద్దని మొత్తుకున్నారు. చెబితే ఉద్యోగం ఊడుద్దని మేమే నోరు మూసుకున్నామండీ, తప్పు మాదే.”

“నేను కాన్పుకి వెళ్ళినప్పుడా?” వదిన నమ్మలేనట్టు అడిగింది.

“అప్పుడే తల్లీ. నువ్వొచ్చాక పెట్టెలు మోసేటప్పుడు తలుపు బార్లా తీసే ఉంచుతున్నారు, లోపలివైపు నీ కంటపడలేదు.”

“అబద్ధం,” అన్నాడు మేనేజరు. “అందరూ కూడబలుక్కున్నారు.”

“అయితే మీ వేళ్ళ పట్టీలు విప్పండి,” అన్నాడు నిదానం. “టీ ఒలికితే చెయ్యి మీద కాలుతుంది. మీకు చర్మం ఊడింది బొటనవేలి కొసా, పక్క రెండు వేళ్ళ కొసలూ. స్క్రూ పట్టుకునేది సరిగ్గా ఆ మూడు కొసలతోనే. అందరూ పెద్దాయన్ని ఆస్పత్రికి మోసుకెళ్ళినప్పుడు మీరు ఒక్కరే ఆ గదిలో కూర్చుని కొత్త పిడి బిగించారు. ఎప్పుడూ చేత్తో పని చేసిన మనిషి కాదు, గ్లౌజులు తొడుక్కోవాలని తెలియదు. అంత చలిలో ఇనుము తడివేళ్ళకి అంటుకుని చర్మం లాగేసింది. ఆ తరువాత ఈ టేపు దొరికింది. పిల్లని తాళం వేసి ఉంచితే ఇక పిడి సంగతి ఎవరూ అడగరు.”

యజమాని లేచి మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాచాడు. మేనేజరు తన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అంతకన్నా పెద్ద ఒప్పుకోలు ఆ రోజు ఎవరూ ఇవ్వలేదు.

పోలీసులకి ఫోను యజమానే చేశాడు. పిల్ల కుర్చీలోంచి లేవబోయి, కాళ్ళు తిమ్మిరెక్కి మళ్ళీ కూలబడింది. వదిన వెళ్ళి దాని ముందు నేల మీద కూర్చుని, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దింది. “నోరు మూసుకోమన్నానా,” అని పిల్ల తిడుతూనే ఉంది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

*

అయిదున్నరకి ఆస్పత్రినుంచి కబురొచ్చింది. పెద్దాయన కళ్ళు తెరిచాడు.

వదిన వెళతానంది. పిల్ల తోడొస్తానంటే వద్దంది. నిదానం, స్టెనోగారు మాత్రం గది గుమ్మం దాకా వెళ్ళారు. వదిన తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

“నేను చెప్పనా?” అన్నాడు నిదానం.

“వద్దండీ.”

పెద్దాయన చేతులు రెండూ గుడ్డతో చుట్టి ఉన్నాయి. ఆమె మంచం పక్కన నిలబడి, “బాబాయ్, గడియ వేసింది నేనే,” అంది. సాకు చెప్పలేదు, తొందర గురించి గానీ పాప గురించి గానీ ఎత్తలేదు. ఆ ఒక్క మాటే చెప్పి ఊరుకుంది.

పెద్దాయన గొంతు గాలిలా వచ్చింది.

“తెలుసమ్మా. ‘తలుపు ఎవరు తీసి వదిలేశారు’ అని విసుక్కున్నావు కదా. విన్నాను. వెనక పెట్టెల దగ్గరున్నాను, ఆ పంకాల్లో నేను పిలిచింది నీకు వినబడలేదు.” ఊపిరి తీసుకున్నాడు. “వేరే ఎవరైనా అయితే అప్పుడే కంగారు పడేవాణ్ణి. నువ్వు కదా, పెట్టెలకి ఇప్పుడే వచ్చేస్తావులే అని పెట్టె మీద కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను తల్లీ.”

ఆమె మంచం పట్టె పట్టుకుని కూలబడింది. పెద్దాయన గుడ్డ చుట్టిన చేతిని కష్టం మీద ఎత్తి, ఆమె తల మీద పెట్టబోయి, అందక, దుప్పటి మీదే ఉంచేశాడు. ఆమె తలని అక్కడికి జరిపింది.

స్టెనోగారు పుస్తకం మూసేసింది. అది ఆవిడ రాయలేదు.